రంగు కింది గీత

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నన్ను టెక్కలి క్యాంపుకు పంపారు. సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసే జూన్ రోజులు. నా హోదా సీనియర్ ఇన్‌స్పెక్షన్ ఇంజనీరు. భావనపాడు పడవల ఔట్‌బోర్డు ఇంజన్లను చూసి, సముద్రానికి పనికొస్తాయో లేదో రాసివ్వడం నా పని. ఇంజన్ని పడవ వెనక బిగించి పట్టేది అల్యూమినియం మిశ్రమలోహపు బ్రాకెట్టు. అది విరిగితే ఇంజను నీళ్లపాలే. కెరటాలు విరిగేచోట ఇంజను పోయిన పడవ అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది.

అక్కడి ఆనవాయితీ నా ప్రాణం తీసింది. నిషేధం ముగిసేముందు ఇంజనుకు దిట్టంగా కొత్త రంగు వేసి, పసుపు రాసి, బొట్లు పెట్టి గంగమ్మకు మొక్కుతారు. అదంతా అయ్యాకే నన్ను పిలుస్తారు. పెళ్లికూతురిలా ముస్తాబైన ఇంజనులో నేనేం చూడను?

అక్కడి పడవ యజమాని సూరయ్య మర్నాడే వేటకు వెళ్లాలి. బ్రాకెట్టు మీద రంగు గీకాలన్నాను. మండిపడ్డాడు.

"అమ్మోరి బొట్టు గీకీత్తారేటి బాబూ? నిన్న నానూ మా బావా దీన్నొట్టుకుని ఏలాడినాం. ఇరిగిందేటి?"

వేలాడితే తెలిసేది ఒక్కసారి మోసే బలం. ఇంజను అదురు రోజంతా ఉంటుంది. పొడిగాలిలో ఏళ్ల తరబడి ఓర్చుకునే లోహాన్ని ఉప్పునీరు ముందు సూదిమొనంత గుంటలుగా తింటుంది. అదురుకు ఆ గుంటలోంచి పగులు మొదలై, ఉప్పు తగిలేకొద్దీ లోపలికి పాకుతుంది. కొత్తగా బరువు పెంచక్కర్లేదు, రోజూ మోసేదే చాలు. ఇదంతా చెప్పాను. ఆయన వినలేదు, నేనూ మెత్తబడలేదు.

వల సర్దుతున్న ఆయన భార్య నీలమ్మ లేచి వచ్చింది.

"గీకీయండి బాబూ. ఇంజనుకి బొట్టు నాను మల్లా ఎడతాను. నా బొట్టు పోతే ఎవులెడతారు?"

సూరయ్య ఇంజను ముందునుంచి పక్కకు తప్పుకున్నాడు.

రంగు తీసి, శుభ్రం చేసి, ఎర్రటి ద్రవం పూశాను. కాసేపాగి తుడిచేసి తెల్లటి పొడి చల్లాను. పగులుంటే అందులో దాగిన ఎరుపు పొడిలోకి ఊరుతుంది. బోల్టు రంధ్రం పక్కనుంచి వేలెడు పొడవున ఎర్రగీత తేలింది. సూరయ్య దాన్ని చేత్తో తుడిచేశాడు. మళ్లీ చల్లాను, మళ్లీ అక్కడే తేలింది. నా మాట నెగ్గిన సంతోషం కంటే, మర్నాటి సంగతి తలుచుకుని భయమే ఎక్కువ వేసింది.

కొత్త బ్రాకెట్టు వేశాకే సంతకం పెట్టాను. మిగతా పడవలకంటే ఆలస్యంగా వెళ్లినా, సూరయ్య చేపలతో తిరిగొచ్చాడు. ఆ మరుసటి ఏడు భావనపాడులో వరస మార్పించాను. ముందు పరీక్ష, తర్వాత రంగు, ఆపైన పూజ.

సముద్రం ఒడ్డున అల్యూమినియం ఎంత మోస్తుందని అడిగితే సరిపోదు, ఎన్నాళ్లుగా ఉప్పులో అదురుతోందో కూడా అడగాలి. మొదటిదానికి వేలాడి చూస్తే జవాబొస్తుంది. రెండోదానికి రంగు గీకాల్సిందే.