చిల్లు సాక్సుతో తిప్పిన తిరగలి

జెర్సీ సిటీలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం సర్దుకుని ఎమ్మెస్ చదివిన ఆ రోజుల్లో, నా దృష్టిలో సబ్జెక్టులు రెండే రకాలు. ఉద్యోగం తెచ్చేవి, జీపీఏ పెంచేవి. నా జీపీఏ మూడుకి కాస్త కింద వేలాడుతోంది. అది పైకి రాకపోతే నా ఫీజు గడిపే అసిస్టెంట్‌షిప్ పోతుంది. "పురాతన కళల కోర్సు తీస్కోర తమ్మీ, ఈజీగ ఏ గ్రేడ్ వస్తది" అన్నాడు రూమ్మేట్ నల్గొండ అన్న. (తనూ తీసుకున్నాడు, అందుకే నమ్మాను.) అలా 2006 వేసవిలో, డిపార్ట్‌మెంట్ ఖర్చుతో, గ్రీసు దేశపు క్రీట్ దీవిలోని మ్యూజియంల మీద పడ్డాం.

పాఠం చెప్పే మేడమ్‌కి మేం పెట్టుకున్న పేరు కుండలమ్మ. ఆర్కియాలజీ మ్యూజియంలో కుండ కనబడితే ఆవిడ కళ్లు చెమర్చేవి. నాకేమో ఒక కుండ, దాని పక్కన ఇంకో కుండ కనబడేవి. ఏదైనా ఒక వస్తువు గురించి పది నిమిషాలు మాట్లాడమంటే, "ఇది నీళ్ల కుండ కావచ్చు, కాకపోనూ వచ్చు" అని రెండు నిమిషాల్లో ముగించి సి తెచ్చుకున్నాను. ఇక మిగిలింది ఒక్కటే అవకాశం, కొండ మీది ఊళ్లో పాత రాతి ఇంట్లో పెట్టిన జానపద మ్యూజియం.

గుమ్మం ముందు నా చేతులు వాటంతటవే షూ లేసుల మీదికి పోయాయి. "అరె, షూస్ ఎందుకు ఇప్పుతున్నవ్‌ర? మ్యూజియం ఇది" అన్నాడు అన్న. "ఇల్లులా ఉంది కదన్నా" అంటూ లోపలికి అడుగేశాను. ఎడమ సాక్సు చిల్లులోంచి బొటనవేలు లోకాన్ని చూస్తోంది. క్లాసంతా నవ్వింది. నవ్వనిది కాపలా ముసలావిడ ఒక్కతే. వస్తువుల ముందు కట్టిన తాడు ఎవరు దాటబోయినా చేతికర్ర ఆడించే ఆవిడ, నా కాళ్ల వంక చూసి, తాడు కొక్కెం తీసి రమ్మని సైగ చేసింది. (అది ఆవిడ పుట్టిన ఇల్లని మేడమ్ తర్వాత చెప్పింది.)

తాడు అవతల తిరగలి ఉంది. అచ్చం మా నానమ్మ తిరగలే. చతికిలబడ్డాను. పిడి వదులుగా ఉంటే జేబురుమాలు చింపి చుట్టి బిగించాను. ముసలావిడ దోసెడు గోధుమలు తెచ్చింది. "గుప్పెడు ఒకేసారి పోస్తే రాయి పట్టేస్తుంది, కొద్దికొద్దిగా వేయాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే చెయ్యి నొప్పెట్టదు" అని ఇంగ్లీషులో చెబుతూ తిప్పుతుంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని పిడి మీద చెయ్యి వేసింది. పిండి రాలింది. పది నిమిషాలు కాదు, అరగంట మాట్లాడాను.

"దీని గురించి ఎక్కడ చదివావు?" అంది కుండలమ్మ.

"చదవలేదు మేడమ్, తిప్పాను" అన్నాను.

ఏ గ్రేడ్ ఇచ్చింది. అసిస్టెంట్‌షిప్ నిలిచింది. బి తెచ్చుకున్న నల్గొండ అన్న తిరుగు ప్రయాణమంతా "ముందే చెప్తే నేను గూడ ఇప్పుతుంటిని గద" అని సణుగుతూనే ఉన్నాడు.

ఈమధ్య మా అమ్మాయిని ఇక్కడే ఒక పాత ఇంటి మ్యూజియంకి తీసుకెళితే, గుమ్మం దగ్గర మళ్లీ వంగాను. "డాడీ, షూస్ తీయొద్దు, ఇది మ్యూజియం" అంది. "లేస్ ఊడిందమ్మా" అని కట్టుకుంటున్నట్టు నటించి లేచాను. ఆ రోజు నా సాక్సుకి చిల్లు కూడా లేదు. అయినా ధైర్యం చాలలేదు.