పెదనాన్న తొక్కిన వామి

గడ్డివామి ఎక్కి తొక్కే ముందు మా పెదనాన్న ప్రతిసారీ కాళ్ళు కడుక్కునేవాడు. "గొడ్లు తినేదిరా, మట్టికాళ్ళతో తొక్కుతామా?" అనేవాడు.

దర్శి పక్కన మా వరిచేలోకి గడ్డి కట్టలు కట్టే మిషన్ మొదటిసారి వచ్చిన రోజు, ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి డ్రైవర్ని ఆపాడు.

"లోపల గడ్డి తొక్కేదెవరబ్బాయ్?"

"మనుషులెవరూ ఉండరు తాతా, ఇనుప దిమ్మే అదుముతుంది," అంటూ అతను ఇంజన్ ఆపి, మూత తీసి చూపించాడు.

పెదనాన్న వంగి చాలాసేపు చూశాడు. దిమ్మకి ఏ ఊరి చేలోదో నల్లబురద ఎండి అంటుకుని ఉంది.

"మరి దీని కాళ్ళెవరు కడుగుతారు?"

నాకు నవ్వొచ్చింది. డ్రైవర్‌కి రాలేదు.

ఇప్పుడు పెదనాన్న లేడు. ఆ డ్రైవర్ మాత్రం ఏటా మా చేలో దిగే ముందు బకెట్ నీళ్ళు అడుగుతాడు.