నెయ్యొత్తి కట్టిన థర్మామీటరు

ఇప్పుడంటే కాస్త పొట్ట వచ్చింది, నా కింద ముగ్గురు పనిచేస్తూ 'సార్' అంటున్నారు గానీ, తెలంగాణ వచ్చిన కొత్తల్లో మహబూబ్‌నగర్‌లో ఏసీ మెకానిక్‌గా చేరినప్పుడు నాకు పూర్తిగా వచ్చిన పని ఒక్కటే, భయపడటం. అందులో మాత్రం నాకు ఉస్తాద్ అక్కర్లేకపోయింది. స్క్రూ బిగించి ఇంటికొచ్చాక బిగించానా లేదా అని భయం. గ్యాస్ సిలిండర్ వాల్వు మూశానా లేదా అని భయం (ఒకసారి భూత్పూర్ దాకా వచ్చి, బస్సు దిగి, ఇంకో బస్సెక్కి వెనక్కి పోయి చూశాను. మూసే ఉంది). మా బాపు కోస్గి పక్కన గొర్లు కాస్తాడు. మా ఇంట్లో ఐటీఐ చదివి గొర్ల నుంచి తప్పించుకున్న మొదటివాణ్ని నేనే. బాపు మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "పని రాకుంటే సిగ్గుపడకురా. గొర్లు యాడికి పోలె, ఈడనే ఉన్నయ్," అని ధైర్యం చెప్పేవాడు. ఆ ధైర్యం విన్నాక సోమవారం దాకా నాకు అన్నం సహించేది కాదు.

మా ఉస్తాద్ పాతకాలపు మనిషి. గ్యాస్ నింపేటప్పుడు గేజీలు పెట్టేవాడు గానీ అది చూసేవాళ్ల కోసం. అసలు పని చేత్తోనే. బయటి యూనిట్‌కి తిరిగొచ్చే లావు పైపును గుప్పిట్లో పట్టుకుని, కళ్లు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా నిలబడేవాడు. "బీరు సీసా లెక్క సల్లగుండాలె, పైన చెమట పట్టాలె. గంతే," అనేవాడు. (ఆ పోలిక ఆయనకు ఎంత అనుభవం మీద వచ్చిందో మా గల్లీ అందరికీ తెలుసు.) అట్లాంటి మనిషి నన్ను పది రోజుల ట్రైనింగుకు హైదరాబాద్ పంపాడు. పంపి చెడగొట్టుకున్నాడు. అక్కడి పంతులు 'చెయ్యి అబద్ధం చెబుతుంది, లెక్క అబద్ధం చెప్పదు' అని నేర్పి, ఒక ప్లాస్టిక్ పూత వేసిన చార్టు, రెండు థర్మామీటర్లు చేతిలో పెట్టాడు. ఒకటి మామూలుది. రెండోదాని మొనకు తెల్లటి నూలు తొడుగు. ఆ తొడుగు తడిపి, ఏసీ లోపలికి గాలి పీల్చుకునే చోట పెట్టాలి. గాలి పొడిగా ఉంటే తడి తొందరగా ఆరుతుంది, ఆరుతూ మొనను చల్లబరుస్తుంది, అంకె కిందికి దిగుతుంది. గాలిలో తేమ నిండా ఉంటే తడి ఆరదు, అంకె కదలదు. ఆ అంకెనూ బయటి ఎండనూ చార్టులో కలిపి చూస్తే పైపు ఎంత వేడి ఉండాలో తెలుస్తుంది. అంతకన్నా చల్లగా ఉంటే గ్యాస్ ఎక్కువైనట్టు, వేడిగా ఉంటే తక్కువైనట్టు. ఇదంతా నేర్చుకుని వచ్చిన మర్నాడే ఉస్తాద్ పైపు పట్టుకుంటే, "చెయ్యి అబద్ధం చెప్తది ఉస్తాద్," అన్నాను. ఆయన కళ్లు తెరిచి, "నీ తడిగుడ్డ నిజం చెప్తదా బే?" అన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు థర్మామీటర్ అయింది.

ఆ ఎండాకాలంలోనే ఒకరోజు ఉస్తాద్ నన్ను కొత్తకోటకు ఒక్కణ్నే పంపాడు. హైవే పక్కన చిన్న కంటి దవాఖాన. "ఆపరేషన్ రూము ఏసీ కూలింగ్ లేదంట. జర జాగ్రత్త. గిది ఆగం చేసినవంటే నీ సామాన్ నీ గొర్ల మీదేసి పంపుత," అన్నాడు. పోయేసరికి వరండా దాటగానే పెద్ద గది, అందులో బల్లల మీద పన్నెండు మంది ముసలివాళ్లు, ఒక్కొక్కరి నుదుటి మీద ఆపరేషన్ చేయాల్సిన కంటివైపు తెల్ల పట్టీ ముక్క. సిస్టరమ్మ వాళ్ల కళ్లలో చుక్కలు వేస్తూనే నాతో మాట్లాడింది. "డాక్టర్ సార్ నెలకొక్కసారి హైదరాబాద్ నుంచి వస్తడు తమ్ముడూ. పోయిన నెల గీ ఏసీ పనిచెయ్యలే. గౌను ఏసుకున్నంక చెమట కారుతుంటే నేను కన్ను కోయను అని ఎల్లిపోయిండు. గీ పన్నెండు మందే, అప్పుడు గూడ గిట్లనే కూసున్నరు. మూడింటికొస్తడు. ఏం జేస్తవో చెయ్." అప్పుడు చివరి బల్ల మీది అవ్వ ఒకామె, నేనున్న వైపుకు కాస్త అటుగా తల తిప్పి, "మంచిగ చెయ్యి కొడుకా. నా మనుమరాలికి బిడ్డ పుట్టి అయిదు నెల్లాయె. చేతుల్తోని తడిమి చూసుడే గని మొకం చూడలే," అంది. ఇక నా పరిస్థితి చెప్పాలా?

మొదట్లో పని బాగానే సాగింది, అదే విచిత్రం. సబ్బునురగ పెట్టి చూస్తే బయటి యూనిట్ దగ్గర ఒక నట్టు లీకవుతోంది. సరిచేశాను, పైపుల్లో గాలంతా లాగేశాను, గ్యాస్ నింపాను. ఎవరూ చూడకుండా పైపు పట్టుకుని చూశాను కూడా. చల్లగా, చెమట పట్టి, అచ్చం ఉస్తాద్ చెప్పిన సీసా. అక్కడితో ఆపి చేతులు కడుక్కుని ఉంటే ఈ కథే లేదు. కానీ చెయ్యి అబద్ధం చెబుతుంది కదా! సంచిలోంచి థర్మామీటర్లు తీశాను. తీస్తే రెండోదాని నూలు తొడుగు లేదు. సంచి బోర్లించాను, జేబులు తిప్పేశాను, లేదు. ఎక్కడ జారిపోయిందో ఏమో! అప్పుడు గుమ్మం పక్కన, దవాఖాన ఊడ్చే ఆయమ్మ రోజూ దీపం పెట్టుకునే దేవుడి పటం, దాని కింద చిన్న డబ్బాలో తెల్లటి పత్తి వత్తులు కనిపించాయి. ఆహా, ఏం తెలివిరా నాది అనుకున్నాను (అట్లా అనుకున్న ప్రతిసారీ నాకు ఏదో ఒకటి అయింది). ఒక లావు వత్తి తీసి మొనకు చుట్టి, దారంతో కట్టి, నీళ్లలో ముంచాను. నీటిచుక్కలు నిగనిగలాడుతూ దాని మీద నిలబడ్డాయి. ఎంత బాగా తడిసిందో అని ముచ్చటపడ్డాను.

రెండూ ఏసీ గాలి పీల్చే చోట వేలాడదీశాను. మామూలుది ఇరవై ఎనిమిది. తడిది కూడా ఇరవై ఎనిమిదే. అయిదు నిమిషాలు ఆగాను, కదల్లేదు. అంటే గాలి నిండా తేమ! చార్టు ప్రకారం గ్యాస్ చాలా ఎక్కువ నింపేశాను. కొత్తకోటలో నడి ఎండాకాలం, బయట ఆరేసిన చీర పది నిమిషాల్లో అప్పడమవుతోంది, ఇక్కడి గాలిలో ఇంత తేమ ఎక్కడిదిరా అని బుర్ర ఉన్నవాడెవడైనా ఆగి ఆలోచిస్తాడు. నా బుర్ర ఆ రోజు చార్టులో ఉంది. నేను తేమను వెతకడానికి బయల్దేరాను. పనిముట్లు ఉడకబెట్టే డబ్బా నుంచి ఆవిరి వస్తోందని సిస్టరమ్మతో దాన్ని ఆపించాను. నేల తుడిచిన తడి కారణమని ఆయమ్మను పొడిగుడ్డతో మళ్లీ తుడవమన్నాను. తడి అంకె ససేమిరా అంది. చివరికి (ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది) పక్కన పెద్ద గదిలోని పన్నెండు మంది ఊపిరి తేమ తలుపు సందుల్లోంచి వస్తోందని తేల్చి, వాళ్లను వరండాలో కూర్చోమన్నాను. "మేం ఊపిరి గూడ పీల్చొద్దా ఏందిరా?" అని ఒక తాత కోప్పడ్డాడు. అందరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని బయటికి నడిచారు. నేను మాత్రం చార్టును గుండెకు హత్తుకుని, గ్యాస్ కొంచెం కొంచెం బయటికి వదులుతూ పోయాను.

గది చల్లబడలేదు, వేడెక్కింది. ఇరవై తొమ్మిది. ముప్పై. రెండు థర్మామీటర్లూ కాడికి కట్టిన జోడెడ్లలా ఒకే అడుగు వేస్తూ పైకి పోతున్నాయి. ఈలోగా సిస్టరమ్మ ఫోను. "సార్ షాద్‌నగర్ దాటిండంట." ఇంకాస్త గ్యాస్ వదిలాను. "జడ్చర్ల దాటిండు తమ్ముడూ, అయిందా?" చార్టు తలకిందులుగా పట్టుకుని కూడా చూశాను. అప్పుడే ఉస్తాద్ ఫోన్ చేశాడు. "పైపు పట్టుకున్నవా బే?" "పట్టుకున్న ఉస్తాద్. బీరు సీసనే," అన్నాను. నిజానికి ఆ క్షణంలో పైపు చాయ్ గ్లాసులా ఉంది. ఫోన్ పెట్టేసి వరండా మెట్ల మీద కూలబడ్డాను. మూడో ఫోన్ వస్తే భూత్పూర్. ఆ తర్వాత కొత్తకోట. ఆ తర్వాత పన్నెండు మంది బస్సెక్కి వెనక్కి, నేను ఇంకో బస్సెక్కి గొర్ల దగ్గరికి. ముక్కు ఎగబీల్చాను. గట్టిగానే ఎగబీల్చి ఉంటాను.

"ఎవర్రా, ఏడుస్తున్నరు?" అంది మనుమరాలి ముచ్చట చెప్పిన అవ్వ. "ఎవరూ లేరవ్వా, జలుబు," అన్నాను. "గీ ఎండల జలుబేంది? ఇటు రా," అని చేతికర్రతో మెట్టును తట్టింది. పోయి పక్కన కూర్చున్నాను. ఆమె ఒళ్లో నీళ్ల సీసా, దాని చుట్టూ తడిపి చుట్టిన పాత చీర ముక్క. మా బాపు గొర్ల వెంట పోయేటప్పుడు సీసాకు అట్లాగే చుట్టేవాడు. చూడగానే ఏడుపు ఇంకాస్త ముందుకొచ్చి, ఉన్నదంతా ఆమెకు చెప్పేశాను. తడి మొన, పొడి మొన, చార్టు, ఊపిరి, అన్నీ. ఆమె ఓపికగా విని, "అంటే నా సీసా లెక్కనే గద? గాలి తాకితే తడిగుడ్డ సల్లగైతది. మరి నీది ఎందుకు కాదు? తే ఇటు," అంది. చేతిలో పెట్టాను. వేళ్లతో వత్తిని నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మరోసారి పెట్టుకుంది. తర్వాత ఆమె నవ్విన నవ్వుకు వరండా అంతా తల తిప్పింది. "ఓరి పిచ్చి పోరడా! గిది నెయ్యొత్తిరా! నెయ్యిల నానబెట్టి ఎండబెట్టిన వత్తి. దీనికి నీళ్లు పట్టవు, ఆరవు. నెయ్యి చుడితే సీసా సల్లగైతదా ఎప్పుడన్న?"

ఆయమ్మ తీరిక దొరికినప్పుడు నెలకు సరిపడా వత్తులు నేతిలో నానబెట్టి పెట్టుకుంటుందట. నా వేళ్లకు పొద్దుటి నుంచీ మిషన్ నూనె, నా ముక్కుకు దవాఖాన ఫినాయిల్. కళ్లున్న నాకు కనబడంది, కళ్లు మసకబారిన ఆమెకు రెండు క్షణాల్లో తెలిసింది. అవ్వ తన సీసా గుడ్డలోంచి ఒక పేలిక పర్రున చింపి ఇచ్చింది. మొనకు కట్టి వేలాడదీశాను. ముప్పై... ఇరవై ఏడు... ఇరవై మూడు... ఇరవై ఒకటి దగ్గర ఆగింది. అంకె దిగడం చూసి అంత సంతోషపడ్డ మనిషి ఇంకొకడు ఉండడు. పరుగెత్తి సిలిండర్ ఎత్తితే తేలిగ్గా ఉంది! పోసిందంతా గాలికి వదిలిపెట్టానాయె. భూత్పూర్ ఫోను వచ్చింది. చార్టు, గేజీ, పైపు మార్చి మార్చి చూస్తూ, సిలిండర్‌ను పసిబిడ్డలా నిలబెట్టుకుని నింపాను. చివరి ఊపిరి దాకా నింపాక అంకె కలిసింది. కళ్లు మూసుకుని పైపు పట్టుకున్నాను. చల్లగా, చెమటతో. ఉస్తాద్ చెయ్యి పొద్దుటి నుంచీ నిజమే చెబుతోందన్నమాట. డాక్టర్ గారి కారు గేటులోకి వచ్చేసరికి గది ఇరవై నాలుగు. ఆయన లోపలికి పోయి, చెయ్యి ఏసీ వైపు చాపి, గౌను అడిగాడు. వరండాలోంచి పన్నెండు మందీ మళ్లీ ఒకరి భుజం ఒకరు పట్టుకుని లోపలికి నడిచారు.

పని అయిపోయినా నేను కదల్లేదు. మధ్యలో మిషన్ ఆగిపోతుందేమోనని చివరి ఆపరేషన్ దాకా బయటి యూనిట్ పక్కనే నిలబడ్డాను. ఆ తర్వాత కూడా పోబుద్ధి కాక కొత్తకోటలోనే మా బంధువుల ఇంట్లో ఉండిపోయాను. తెల్లారి కట్లు విప్పుతుంటే వరండాలో తచ్చాడుతున్నాను. లోపలి నుంచి అవ్వ గొంతు. "గా నెయ్యొత్తి పోరడేడి? పోయిండా?" సిస్టరమ్మ నన్ను లోపలికి తోసింది. అవ్వ నా గడ్డం పట్టుకుని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. కన్ను ఇంకా నీరు కారుతోంది, దాన్ని చిట్లించి, నుదురు, ముక్కు, అప్పుడే మొలుస్తున్న మీసం, ఒక్కొక్కటే చూసింది. "గింత సన్నగున్నవేందిరా? మాటలిని పెద్దోడివనుకున్న," అంది. ఆమె చేతుల్లోంచి నా ముఖం వెనక్కి తీసుకోవడానికి నాకు మనసు రాలేదు. నన్ను చూశాక ఇక చాలన్నట్టు వదిలేసి, "బస్సు ఎన్నింటికి? బిడ్డను చూడాలె," అని చెప్పుల కోసం వెతుక్కుంది.

సిస్టరమ్మ ఉస్తాద్‌కు మొత్తం చెప్పేసింది. నన్ను గొర్ల దగ్గరికి పంపలేదు గానీ పేరు మాత్రం మార్చారు. ఇప్పుడు తడి అంకెను గుడ్డ లేకుండానే చూపించే మిషన్లు వచ్చాయి, నా దగ్గరా ఒకటి ఉంది. అయినా ఆ చీర పేలిక నా పెట్టెలోనే ఉంటుంది. పెద్ద పనులప్పుడు దాన్ని తడిపి పాత థర్మామీటరుకు కడతాను, కట్టే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను. నా కింద పనిచేసే పిల్లలు వెనక నుంచి నవ్వుకుంటారని తెలుసు. పోయిన ఎండాకాలం ఆ దవాఖాన నుంచే ఫోను వచ్చింది, ఆ సిస్టరమ్మే. "హలో, నెయ్యొత్తేనా?" అంది. పక్కన పిల్లలున్నారు, స్పీకర్ మీద ఉంది. స్పీకర్ ఆపకుండానే, "ఆ సిస్టర్, నెయ్యొత్తినే," అన్నాను. పోయి పని చేసి వస్తుంటే భూత్పూర్ దగ్గర వాల్వు గుర్తొచ్చింది. బండి వెనక్కి తిప్పాను. మూసే ఉంది.