యాదగిరి అమ్మిన మల్గీ

“రెండు దిక్కుల ఒక్క తీరే ఉన్నది తమ్మీ, ధైర్యంగ తీస్కో” అన్నాను యాదగిరితో. అది అబద్ధమని ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

యాదగిరిది పోచంపల్లి. మగ్గం వదిలి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చిన్న మల్గీ, అంటే షాపు గది, కొని చీరల దుకాణం పెట్టుకున్నాడు. నేను ఒక దినపత్రికలో బిజినెస్ పేజీ చూసేవాణ్ణి. మూసారాంబాగ్‌లో ఇల్లు. ఆఫీసుకు వెళ్లే ముందు అతని దుకాణంలో కూర్చుని చాయ్ తాగడం అలవాటు. మెట్రో పిల్లర్లు లేస్తున్న కాలమది. దుకాణం ముందు రోడ్డు తవ్వి అడ్డంగా రేకులు పాతారు. గిరాకీ పడిపోయింది. చీర కొననీకి ఆడోళ్లు గోడ దూకి రావాల్నా అని నవ్వేవాడు. ఆ నవ్వులో పస ఉండేది కాదు.

ఒకరోజు జేబులోంచి మా పేజీ ముక్క తీశాడు. ఒక పెద్ద, పాత సాఫ్ట్‌వేర్ కంపెనీ లాభాలు పెరిగాయన్న వార్త. మల్గీ అమ్మేసి ఆ షేర్లు కొంటే ఎట్లుంటదని అడిగాడు. అంత పెద్ద కంపెనీ యాడికి పోతదని అతని నమ్మకం.

“నాకు చీర తెలుస్తదన్నా. మా చీర తిరగేస్తే లోపల గూడ బయటి లెక్కనే ఉండాలె. లేకుంటే అది అచ్చు కొట్టిన మాల్. గీ కంపెనీని తిరగేసుడు నాకు రాదు. నువ్వు చూసినవా?”

చూశాను. సిగ్గు అక్కడే ఉంది. ఆ వార్తకు శీర్షిక పెట్టింది నేను. కంపెనీ పంపిన కాగితాల్లో వెనక పేజీలు కూడా చదివాను. లాభంలో చాలా భాగం పని పెరిగి వచ్చింది కాదు, రూపాయి విలువ పడిపోయి వచ్చింది. ఉన్న పని కూడా కొద్దిమంది విదేశీ ఖాతాదారుల మీదే నిలబడి ఉంది. జాగా లేదని ఆ పేరాలు తీసేశాను. మా డెస్కులో అది మామూలే. నేను కూడా కొందామా అని ఆలోచించి, ఆ పేరాల వల్లే మానుకున్నాను. చెడ్డ కంపెనీ కాదు. కానీ ఉన్నదంతా అమ్మి ఒక్కచోట పెట్టే వ్యవహారం కాదు. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకేం అడ్డొచ్చింది?

మా బామ్మర్ది అడ్డొచ్చాడు. ఆ రోడ్డు మీదే సెల్‌ఫోన్ల దుకాణానికి మల్గీ వెతుకుతున్నాడు. మెట్రో నడవడం మొదలైతే అక్కడి ధరలు ఏమవుతాయో పేపరువాణ్ణి, నాకు తెలియదా? రేకులు ఉన్నప్పుడే కొనాలి. అందుకే రెండు దిక్కుల ఒక్క తీరే ఉన్నదని అన్నాను.

బామ్మర్దితో బేరం తొందరగానే కుదిరింది. బయటోనికి కాకుండా మనోనికే పోయిందని యాదగిరి సంతోషపడ్డాడు. మిఠాయి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. తిన్నాను.

ఆ డబ్బుతో అతను కొన్న షేర్లు మునిగిపోలేదు. కొంత పెరిగాయి, కొంత తగ్గాయి, పెద్ద కంపెనీలు నడిచినట్టే నడిచాయి. మల్గీ విలువ మాత్రం వాటికి అందనంత దూరం పోయింది. యాదగిరి ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఎవరిదో షోరూంలో చీరలు విప్పి చూపిస్తున్నాడు. కంపెనీ మంచిదే కదా, రేపు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు అని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ షేరు పదింతలు పెరిగి ఉంటే నా మాట నిజమైపోయేదా? కాదు. అతను అడిగింది ధర గురించి కాదు. నువ్వు చూసినవా అని అడిగాడు. చూసి, చూసింది దాచాను.

మొన్న ఆ షోరూం ముందే ఎదురుపడ్డాడు. కంప్యూటర్లే ప్రోగ్రాములు రాస్తున్నాయట, సాఫ్ట్‌వేర్ పని తగ్గిపోతదంటున్నరు అని పరేషాన్‌గా ఉన్నాడు.

“అమ్మేయమంటవా అన్నా, ఇంకా పట్టుకోమంటవా? నువ్వు చెప్పిందాకా ముట్ట.”

చూసి చెప్తానన్నాను. నిజంగానే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఈసారి వెనక పేజీలు చదివినా నాకు ఏమీ తేలడం లేదు. ఇదంతా మీకు చెప్పాక ఛాతీ మీద బరువు కాస్త జరిగినట్టుంది. క్షమించమని అడగను, అడగాల్సిన మనిషి మీరు కాదు.

షేర్లు ఇంకా యాదగిరి పేరు మీదే ఉన్నాయి. అతనికి నేను ఇంకా ఫోన్ చేయలేదు.