కుళాయి కట్టేసిన పెద్దమ్మ

మా పెద్దమ్మ మొన్న సోమవారం పోయింది. జ్వరంతో ఉన్న మనిషిని ఊరి నుంచి రోడ్డు దాకా మంచం మీద మోసుకొచ్చారు. ఆసుపత్రి బండి వచ్చేసరికి ప్రాణం లేదు. "వయసైపోయింది కదా" అని నన్ను ఓదారుస్తున్నారు. మందు అందకపోవడాన్ని వయసు అంటారని నాకు తెలియదు.

ఆవపల్లి దగ్గర అడవిలోని మా ఊరు విడిచి, ఆమె గనుల టౌన్‌షిప్‌లో ఒక గెస్ట్ హౌస్ తోటలో పని చేసేది. నన్ను తన దగ్గరే ఉంచుకుని బడికి పంపింది. ఆమె ఇద్దరు కొడుకులూ ఒకే వానాకాలంలో జ్వరంతో పోయారు. అయినా వాళ్ల మాట గొంతు తగ్గించి చెప్పేది కాదు. గులాబీలకు పాదులు తీస్తూ, "మా పెద్దోడు ఈత కొడితే చేపలు పక్కకు జరిగేటియి" అని గొప్పలు పోయేది.

ఒక ఎండాకాలం ఆ తోటకు తెల్లటి సిమెంటు బొమ్మ వచ్చింది. మోకాళ్ల మీద కూర్చున్న ఆడమనిషి. కళ్లలోంచి సన్నగా నీళ్లు కారేలా లోపల పైపు. గ్రీకుల కథలోని నియోబీ అని మేనేజరు చెప్పాడు. తనకు పద్నాలుగు మంది పిల్లలని, ఇద్దరే ఉన్న దేవత కంటే తానే గొప్పని అన్నదట. ఆ దేవత బిడ్డలిద్దరూ బాణాలేసి ఆమె పిల్లలందరినీ చంపేశారట. ఏడ్చి ఏడ్చి ఆమె రాయైపోయిందట.

"పొగరు మరి" అని నవ్వాడు మేనేజరు.

పెద్దమ్మ నవ్వలేదు. "కన్న బిడ్డల్ని జూసుకొని మురిస్తే పొగరా సాబ్? సంపినోళ్లను ఎవరూ ఏమనలేదా?"

అతిథులు ఆ కన్నీళ్లు తుడుస్తున్నట్టు వేళ్లు పెట్టి ఫోటోలు దిగేవారు. ఒకరోజు పెద్దమ్మ వెళ్లి బొమ్మకు నీళ్లొచ్చే కుళాయి కట్టేసింది. మేనేజరు వచ్చి తిప్పాడు. అందరూ చూస్తుండగానే ఆమె మళ్లీ కట్టేసింది.

"ఏంటమ్మా ఇది?"

"సాలు సాబ్. సానా ఏడ్చింది. మీ ఫోటోల కోసం ఇంకెన్నాళ్లు ఏడిపిస్తరు?"

క్షమాపణ చెబితే పనిలో ఉండనిస్తానన్నాడు. పని పోతే క్వార్టరు పోతుంది, నా బడి పోతుంది. "మాఫీ అడుగు పెద్దమ్మా" అని ఆమె చెయ్యి పట్టి లాగాను.

"నువ్వు గూడనా?" అంది. మాఫీ మాత్రం అడగలేదు.

సిమెంటు బొమ్మ మీద జాలిపడినవాళ్లు ఆ తోటలో ఎందరో. బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి వాళ్ల కాళ్ల దగ్గరే గడ్డి పీకుతుంటే ఒక్కరూ చూడలేదు. నేనూ ఆ రోజు వాళ్లను వదిలి ఆమె మీదే కోపం తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఆమె ఊరికి తిరిగొచ్చి, అడవిలో తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి నన్ను హాస్టల్లో చదివించింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పని పోయిన ఆ మధ్యాహ్నమే సంచులు పట్టుకుని బస్టాండుకు బయలుదేరాం. నేను ఆమె మనిషినని ఎవరికీ తెలియకూడదని ఇరవై అడుగులు వెనకగా నడిచాను. నేను అందుకుంటానని, చెట్టు నీడ కనబడిన చోటల్లా ఆమె ఆగింది. ఆమె ఆగినప్పుడల్లా నేనూ ఆగాను, ఎండలో.