వరస చివర నడిచిన అత్త

మా ఎదురింటి అత్త పోయింది. ఈ కబురు నాకు ఎవరూ మోసుకురాలేదు. రోజూ కాఫీ వేళకు నా తలుపు మీద పడే రెండు దెబ్బలు ఆవేళ పడలేదు. కాసేపు చూశాను. కాఫీ చల్లారిపోయింది. నేనే వెళ్లి ఎదుటి తలుపు తడితే ఆవిడ కూతురు కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "నిద్దట్లోనే అంకుల్, లేపితే లేవలేదు" అంది. అత్తకి డెబ్బయ్యయిదు దాటి ఉంటాయి. పుట్టింది మలయాలో రబ్బరు తోటలో కాబట్టి అసలు లెక్క ఆవిడకే తెలియదు. ఎప్పుడు పుట్టావని అడిగితే, "సెట్లకి పాలు బాగా కారిన ఏడాదట" అనేది.

వరసకి ఆవిడ నాకు అత్త కాదు. ఈ సింగపూరులో నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలు కనబడితే చాలు, అన్ని జాతులవాళ్లూ అంకుల్, ఆంటీ అంటారు. వచ్చిన కొత్తలో ఒక టాక్సీ ఆయన నన్ను అంకుల్ అంటే నొచ్చుకున్నాను. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. ఆ ఆంటీనే నేను తెలుగులోకి దించి, సెంబవాంగ్ ఫ్లాట్లో దిగిన మొదటి రోజున ఈవిడని అత్తా అని పిలిచాను.

"అత్తంటే పిల్లనియ్యాల కదరా. ఉన్న ఒక్కదానికీ పెళ్లి సేసేసినాను. ఆలీసంగా వచ్చినావు" అంది.

"పిల్లొద్దు, చేపల పులుసు ఇస్తే చాలు" అన్నాను. మా ఆవిడ పక్కనే ఉంది కాబట్టి అంతకంటే అనలేను కూడా. ఆ పులుసు ఒప్పందం మీద ఇరవై ఏళ్లు ఎదురుబొదురుగా బతికాం.

అత్తకొక వింత అలవాటు. నలుగురితో ఎక్కడికి వెళ్లినా అందరికంటే వెనక నడిచేది. లిఫ్టు అందరూ ఎక్కాక ఎక్కేది, రైలు అందరూ దిగాక దిగేది. గుళ్లో తీర్థానికి కూడా చివర నిలబడేది. మోకాళ్ల నొప్పులేమో, పైకి చెప్పుకోదేమో అనుకున్నాను. ఓ ఆదివారం లిటిల్ ఇండియాలో దీని సంగతి తేల్చాలని ఆవిడ వెనకాల నడవబోయాను. నేనాగితే తనాగింది. చెప్పు సవరించుకుంటున్నట్టు నేను వంగితే తనూ వంగి కాలు గోక్కుంది. అలా ఇద్దరం ఓ పూలకొట్టు ముందు చాలాసేపు నిలబడిపోయాం. కొట్టతను ఏం కావాలని అడిగితే మొహమాటానికి రెండు మూరల మల్లెపూలు కొన్నాను.

"ముందు నడువురా, ఎనకాల నానుంటాను" అంది అత్త, ఆ పూలు నా చేతిలోంచి తీసుకుని. నడిచాను. ఆవిడ చేత ముందు అడుగు వేయించినవాణ్ణి నేను చూడలేదు.

ఇక్కడ కంప్యూటర్ కుర్రాళ్ల సంగతి చెప్పాలి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో రెండు సున్నాల గండం రాబోతోందని లోకమంతా హడలిపోయిన రోజుల్లో మనవాళ్లు విమానాల నిండా సింగపూరులో దిగారు. గండం గడిచినా తిరిగి వెళ్లలేదు, అది మన అదృష్టం. అంతకుముందు మన తెలుగు సంఘమంటే ఉగాదికి పదిమందిమి కూడి, పచ్చడి తిని, వేపపువ్వు తక్కువైందని దెబ్బలాడుకుని విడిపోవడమే. వాళ్లు వచ్చాక మీటింగులు, బ్యానర్లు, చొక్కాలకి పేర్ల బిళ్లలు. జురాంగ్ వెస్ట్‌లో ఉండే గుంటూరు కుర్రాడొకడు సెక్రటరీ అయ్యాడు. బంగారంలాంటి పిల్లవాడు. ఒక్కటే, లెక్కకి అందనిదాన్ని నమ్మడు.

కిందటేడు ఎండాకాలంలో, అంటే ఇక్కడ అన్నీ ఎండాకాలాలే అనుకోండి, అతను బస్సు మాట్లాడి మమ్మల్నందర్నీ పక్షుల పార్కుకి తీసుకెళ్లాడు. తిరుగు ప్రయాణంలో బస్సు ఈ చివర్నించి ఆ చివరికి నడిచి, తలలు లెక్కపెట్టి, "కౌంట్ కరెక్ట్, పోదాం" అన్నాడు. అత్త మాత్రం మెట్టు మీదే నిలబడింది.

"ఎక్కండి ఆంటీ, లెక్క సరిపోయింది."

"లెక్క సరిపోతే సరా? మొగాలు సూసినావా?"

"మిమ్మల్ని కూడా కలుపుకుని రెండుసార్లు లెక్కపెట్టానండీ."

"నువ్వు నూరుసార్లు లెక్కెట్టు నాయినా. మొగాలు సూడకుండా నానీ బండి కదలనివ్వను."

డ్రైవరు గడియారం చూపించి గొణిగాడు. "వెయిట్ లా, అంకుల్" అని ఇక్కడి ఇంగ్లీషులో అతని నోరు మూయించి, అత్త ఒక్కో సీటు దగ్గరా ఆగి, వంగి, మొహంలోకి చూస్తూ వెనక్కి నడిచింది. ఆఖరి సీట్లో ఒక పెద్దమనిషి మొహం మీదికి టోపీ దించుకుని నిద్రపోతున్నాడు. అత్త టోపీ ఎత్తింది. ఒక చీనా తాతగారు. ఆయన బస్సు పక్కదట. మన బస్సులో చల్లగా ఉందని ఎక్కి కునుకు తీశాడు.

అంటే మనవాళ్లలో ఒకరు తక్కువ. ఎవరో కాదు, సెక్రటరీ గారి నాన్నగారే. గుంటూరు నుంచి వచ్చి వారం కాలేదు, ఇంగ్లీషు ముక్క రాదు. వెతుక్కుంటూ వెళితే చిలకల గూడు ముందు బెంచీ మీద నిశ్చింతగా కూర్చుని ఉన్నాడు, పిల్లవాడే వచ్చి పిలుస్తాడులే అని. బస్సెక్కి జరిగింది విని, "మావాడికి చిన్నప్పట్నుంచీ లెక్కల్లో నూటికి నూరేనండీ" అన్నాడు. బస్సంతా నవ్వింది. అత్త నవ్వలేదు.

వెనక సీట్లో నా పక్కన వచ్చి కూర్చుంది. సెక్రటరీ వచ్చి, ఎలా కనిపెట్టారు ఆంటీ అని అడిగాడు. అప్పుడు చెప్పింది, ఇరవై ఏళ్లుగా నాకు కూడా చెప్పని సంగతి.

బడికి వెళ్లకుండా పాత పేపర్లు చదువుకున్న నాకు కూడా ఆ చరిత్ర పైపైన తెలుసు. ఇంగ్లీషువాళ్లు చేతులెత్తి ఈ దీవిని జపానువాళ్లకి అప్పగించడం, ఇక్కడే మనవాళ్ల స్వాతంత్ర్య సైన్యం లేవడం, తోటల్లో రబ్బరు పాలు తీసే ఆడపిల్లలకి కూడా తుపాకులు ఇవ్వడం. ఆ ఆడపిల్లల్లో మా అత్త ఉందని మాత్రం తెలియదు.

"తోటలోంచి నానూ, అప్పలనర్సమ్మా కలిసి ఎల్లినాం. పేంట్లిచ్చినారు. అవి తొడిగి బయటికి రానేక దాని ఎనకాల నానూ, నా ఎనకాల అదీ దాక్కున్నాం. తుపాకీ పట్టుకోడానికి మాత్రం సిగ్గెయ్యనేదు" అంది. అంతవరకూ మొహం వెలిగే ఉంది.

రైల్లో బర్మా తీసుకెళ్లారట. వీళ్ల దాకా యుద్ధం రాలేదు, ఓటమి వచ్చింది. వానలు, జ్వరాలు, పైన విమానాలు. వెనక్కి నడక మొదలైంది. తన జట్టు వరసకి అత్తని చివర పెట్టారు. నీ వెనకాల మనిషి మిగలకూడదు, అదే నీ పని అన్నారు. ఒకచోట విమానం వస్తే అందరూ పొదల్లోకి పరిగెత్తి, అది పోయాక మళ్లీ వరస కట్టారు. లెక్కపెడితే సరిపోయింది. నడిచారు. పడవల మీద నది దాటాక చూస్తే, దారి తప్పిన నర్సు పిల్ల ఒకతె వరసలో కలిసి ఉంది. అప్పలనర్సమ్మ లేదు. పడవలు మళ్లీ అవతలికి పోలేదు.

"ఆ నర్సు పిల్లనేటనగలను? అదీ బతకాల కదా" అంది అత్త. "ముందోలికి దారి తెలిస్తే సాలు నాయినా. ఎనకోలికి మనుసులు తెలియాల."

ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే సెక్రటరీ లేచి వెళ్లి వాళ్ల నాన్న పక్కన కూర్చున్నాడు.

అయితే మనిషి ఒక్కరోజులో మారడు. ఆగస్టు పదిహేనుకి అతనొక కార్యక్రమం వేశాడు. ఆ సైన్యం బారులు తీరిన పడాంగ్ మైదానం నుంచి సముద్రపు ఒడ్డున గుర్తు పలక ఉన్నచోటికి అందరం నడవడం. యుద్ధం చివర్లో ఆ ఒడ్డున ఆ సైన్యంలో పోయినవాళ్లకి ఒక స్మారకం కట్టారు, తిరిగొచ్చిన ఇంగ్లీషువాళ్లు దాన్ని పేల్చేశారు, ఇప్పుడున్నది ఈ పలకే. ఊరేగింపంటే పర్మిట్ల గొడవ కాబట్టి దీనికి నడక అని పేరు పెట్టి, పోలీసులకి ఆ నడక గురించి కూడా చెప్పుకున్నాడు. ముఖ్య ఘట్టాలని ఒక పెద్ద అట్ట తయారుచేశాడు. ఇంగ్లీషువాళ్లు లొంగడం, సైన్యం పుట్టడం, మన నేల మీద జెండా పాతడం. అత్త జెండా పట్టుకుని ముందు నడవాలి.

"జెండా ఇంకెవురికైనా ఇయ్యి. తిరిగొచ్చిన నడక కూడా అందులో రాయి. అప్పలనర్సమ్మ పేరు నన్నొక్కసారి సెప్పనీ. నాను పోతే ఆ పేరు తెలిసినోలు ఇంక నేరు" అంది అత్త.

"అది ఓటమి కదా ఆంటీ. పిల్లలొస్తారు, గెలుపుతో ముగిద్దాం" అన్నాడు.

అత్త వాదించలేదు. ఆ రోజు మైదానంలో మేమంతా బారు తీరాక వెళ్లి చివర నిలబడింది. ఎంత పిలిచినా ముందుకు రాలేదు. సెక్రటరీ ఇంజనీరు కదా, ఉపాయం ఆలోచించాడు. అందర్నీ వెనక్కి తిరగమన్నాడు. ఇప్పుడు చివర ఉన్న అత్త ముందయింది. అత్త బారు పొడుగునా మెల్లగా నడుచుకుంటూ రెండో చివరికి వెళ్లి నిలబడింది. మళ్లీ తిప్పాడు. అత్త మళ్లీ నడిచింది. ఫోటోలు తీసుకునే టూరిస్టులు ఇది మన సంప్రదాయ నృత్యం అనుకుని ఉంటారు. మూడోసారి అతను చెయ్యి ఎత్తి, మా నవ్వులు చూసి, దించేశాడు.

ఒడ్డుకి చేరాక తన ఘట్టాలు మూడూ చదివాడు. చప్పట్లు కొట్టాం. ముగించాల్సినవాడు కాస్త ఆగి, "ఆంటీ, తర్వాత ఏమైంది, మీరు చెప్పండి" అని మైకు పట్టుకుని వెనక్కి వెళ్లాడు. అత్త మైకు తీసుకోలేదు.

"తర్వాత మేం గెలవనేదు. నడిచొచ్చేసినాం. అప్పలనర్సమ్మ రానేదు."

ఇంతే చెప్పింది. ఇంకా ఊరెళ్లని సెక్రటరీ నాన్నగారే మనూళ్లో ఎవరైనా అడిగే మాట అడిగాడు. "ఏ ఊరమ్మా ఆ పిల్లది?"

"తోట పిల్ల బాబూ, ఊరు నేదు. నా ముందు నడిచేది, జడ ఊపుకుంటా."

ఆ అట్ట మీద చివర్న ఇప్పుడు నాలుగో ఘట్టం ఉంది. సెక్రటరీ తన చేత్తోనే రాశాడు, ఆ పేరుతో సహా. మన సంఘం గదిలో తలుపు పక్కన ఉంటుంది, చూడండి.

నా తలుపు మీద రెండు దెబ్బల సంగతి చెప్పకుండా దాటేస్తున్నాను. మా ఆవిడ పోయినప్పుడు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. నేను తలుపేసుకుని ఇంట్లో ఉండిపోయాను. అప్పుడు మొదలుపెట్టింది అత్త. తట్టేది, నేను తీసేవాణ్ణి, నా మొహంలోకి చూసేది, "ఉన్నావు" అనేది, వెళ్లిపోయేది. ఒక్కోసారి "గెడ్డం గీసుకో" అని కలిపేది. ఓదార్పు మాట ఒక్కటి అనలేదు. ఆ రెండు దెబ్బల కోసం నేను లేవడం, స్నానం చెయ్యడం, కాఫీ పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఒక మనిషి నాకు చేసిన ఉపకారాల్లో ఇంతకంటే పెద్దది నాకు గుర్తు లేదు.

మొన్న మా బ్లాకు కింద నుంచి మండాయ్ శ్మశానానికి బయల్దేరాం. ముందు అత్త ఉన్న బండి, వెనక మా బస్సు. ఆవిడ అందరికంటే ముందు వెళ్లడం నేను చూడటం అదే మొదటిసారి. వెనకాల ఎవరూ లేరన్న బెంగతో కాళ్లు ఈడుస్తూ కావాలనే చివర ఉండిపోయాను. భుజం మీద చెయ్యి పడింది. సెక్రటరీ.

"మీరు ఎక్కండి బాబాయ్, వెనకాల నేనుంటాను" అన్నాడు.

ఎక్కి కూర్చున్నాను. అతను చివర ఎక్కాడు. వేలు చాపి లెక్కపెట్టలేదు. ఒక్కో సీటు దగ్గరా ఆగి, వంగి, ఒక్కో మొహంలోకీ చూస్తూ మెల్లగా వెనక్కి నడుస్తున్నాడు. డ్రైవరు తొందరపెట్టలేదు. అద్దంలోంచి చూస్తే, బంతిపూల దండలతో అత్త బండి ముందు ఆగి ఉంది, మేమందరం ఎక్కేదాకా.