అర లీటరు తవ్వ, అర కిలో ఉప్పు

మా చిన్నప్పుడు... ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లో, వంటింటి గట్టు మీద అర కిలో ఉప్పు, అర కిలో కారం, అర కిలో ఆవపిండి వరసగా పెట్టి నాన్న అమ్మకి లెక్క చెబుతున్నారు. పక్కన పెద్ద పళ్లెంలో మార్కెట్లో కొట్టించుకొచ్చిన మామిడి ముక్కలు... నాలుగు కిలోలు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులు. అమ్మ సొంతంగా ఆవకాయ పెట్టడం అదే మొదలు. అంతకుముందు ఏటా ఊరి నుంచి పెద్దమ్మ పంపేది. ఆ ఏడు ఢిల్లీ వచ్చేవాళ్లెవరూ దొరకలేదు.

పెద్దమ్మ ఫోన్లో కొలత చెప్పింది. ఎనిమిది తవ్వల ముక్కలకి తవ్వ ఉప్పు, తవ్వ కారం, తవ్వ ఆవపిండి. తవ్వంటే మా ఊళ్లో గింజలూ పిండీ కొలిచే ఇత్తడి పాత్ర... అది ఊళ్లోనే ఉండిపోయింది. అందులో ఎంత పడుతుందని నాన్న అడిగితే, నీళ్లు పోసి చూసి అర లీటరని చెప్పింది.

ఢిల్లీలో పాలు కూడా కిలోల్లోనే అడుగుతారు. "భయ్యా, ఆధా కిలో దూధ్" అంటే డెయిరీ అతను అర లీటరు కొలిచి పోస్తాడు. ఏళ్ల తరబడి అలా అడిగి అడిగి, నాన్నకి అర లీటరంటే అర కిలోయే అయిపోయింది... తవ్వకి అర కిలో చొప్పున అన్నీ తెచ్చేశారు.

పై అంతస్తు కరీంనగర్ ఆంటీ చూసి నవ్వింది.

"తొక్కుకు గింత లెక్కనా అక్కా! మాకైతే ఒక సీసా పక్కకు పెట్టుండ్రి."

అమ్మ సరేనంది.

అన్నీ కలిపి జాడీకెత్తిన మూడో రోజు మూత తీసి తిరగ కలపాలి. ఉప్పు సంగతి తేలేది అప్పుడే. అమ్మ కాస్త నాలుక మీద వేసుకుని ఆగిపోయింది. నాకూ పెట్టింది.

"నమక్ కమ్ హై, మమ్మీ."

"కమ్ కాదు, ఉప్పు సగమే ఉంది. ఏమండీ, ఇది ఇలా ఉంటే బూజు పట్టిపోతుంది."

"లెక్క సరిగ్గానే ఉంది. ఉప్పు ఎక్కువైతే మళ్లీ తియ్యలేవు... చూసుకో మరి."

మార్కెట్లో పచ్చడి కాయ అయిపోవచ్చింది. ఈ జాడీ పాడైతే ఆ ఏడాదికి మాకు ఆవకాయ లేనట్టే. పై ఇంటికి సీసా ఇస్తానని అమ్మ మాట కూడా ఇచ్చేసింది.

అమ్మ కిలో ప్యాకెట్లో మిగిలిన అర కిలో ఉప్పుని ఒక స్టీలు డబ్బాలో పోసింది. సగానికి కూడా రాలేదు. దాన్ని పళ్లెంలోకి వంచి, అదే డబ్బాలో ఇంటి వాడకానికి ఉంచిన అర కిలో కారం పోసింది. అది నిండిపోయి గట్టు మీదికి జారింది.

"చూడండి... అక్క చెప్పింది పాత్ర నిండేలా కొలవమని. తూచమని కాదు. నాలుగు కిలోల ముక్కలు కొలిస్తే ఎనిమిది తవ్వలకి చాలా ఎక్కువే వస్తాయి, అర కిలో ఉప్పు తవ్వ కూడా నిండదు."

నాన్న పళ్లెం వైపు, డబ్బా వైపు చూశారు. వచ్చి జాడీ కదలకుండా పట్టుకున్నారు. అమ్మ గుప్పెడు గుప్పెడు ఉప్పు వేసి, కలిపి, రుచి చూసి, మళ్లీ వేసింది. పళ్లెంలో ఉప్పు చాలావరకు పట్టింది.

ఆవకాయకి బూజు పట్టలేదు. కొన్నాళ్లకి కరీంనగర్ ఆంటీ ఖాళీ సీసా తిరిగిస్తూ నాన్నతో అంది:

"మీ లెక్క మంచిగనే వచ్చిందన్నా!"

"నా లెక్కతో అయితే పారబోసేవాళ్లం" అన్నారు నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఇప్పుడు నోయిడాలో మా ఇంటికి ఆవకాయ డబ్బాల్లో వస్తుంది. ఎన్ని గ్రాములో దాని మీదే రాసి ఉంటుంది... రుచి బాగానే ఉంటుంది. ఉప్పు చాలిందా అని ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు.

మీ ఇళ్లలో తవ్వనీ, సోలనీ, గిద్దనీ లీటర్లలోకి మార్చింది ఎవరు? మొదటిసారి ఏం పాడైంది, ఏం దక్కింది... గుర్తుంటే కింద రాయండి.